నష్టం వచ్చినా ఇస్తాం

కిందటి వారం మనం జీతాలమ్మని అమ్మగారి గది గుమ్మంలో, చేతిలో కాగితంతో నిలబెట్టి, ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కాళ్ళు పీకుతున్నాయి. కదలాలనే ఉంది కానీ ఎటు కదలాలో పాలుపోవడం లేదు.

ఈ వారమే కథలో అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. అదొక గాజు ఫ్యాక్టరీ. మందు సీసాలు చేస్తారు. మందంటే దగ్గుమందు. ఆ రెండో రకం మందుకి చేసి ఉంటే తమకీ గతి పట్టేదే కాదని అక్కడి వాళ్ళే నవ్వుకుంటారు. ప్లాస్టిక్ సీసాలు వచ్చినప్పటి నుంచి ఆర్డర్లు తగ్గుతూ వచ్చాయి. కొలిమి వేడి చూపించే మీటరు పాడైపోతే కొత్తది కొనే స్తోమత లేదు. లోపలి మంట రంగు కంటితో చూసి వేడి ఎంతో చెప్పగల ఆరుగురు మేస్త్రీల మీదే, షిఫ్టుకి ఇద్దరి చొప్పున, ఫ్యాక్టరీ అంతా నడుస్తోంది. ఆ కొలిమి రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండాలి. ఒక్కసారి చల్లారిందా, లోపలి గాజు గడ్డకట్టి గోడలు పగిలిపోతాయి. మళ్ళీ కట్టించే డబ్బు ఎవరి దగ్గరా లేదు.

నిరుడు ఒక పెద్ద కంపెనీవాడు ఆ ఆరుగురినీ ఎగరేసుకుపోవాలని చూశాడు. అప్పుడే ఫ్యాక్టరీ యజమానురాలు, అందరూ అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఒక ఒప్పందం రాయించారు. ఏడాదిపాటు ఆరుగురూ కొలిమిని వదలకుండా ఉంటే, ఏడాది చివర ఒక్కొక్కరికీ ఏడాది జీతమంత బోనస్. లాయరుగారు అందులో 'కంపెనీ పరిస్థితిని బట్టి' అని చిన్న మెలిక పెట్టారు. అలా అయితే ఒక్కడూ సంతకం పెట్టడని వాదించి, ఆ ముక్క కొట్టేయించి, 'లాభం వచ్చినా, నష్టం వచ్చినా ఇస్తాం' అని రాయించింది మన జీతాలమ్మే. అప్పుడు అమ్మగారు ఆవిడ తెలివిని మెచ్చుకున్నారు కూడా.

జీతాల సెక్షన్‌లో ఉన్నది ఆవిడ ఒక్కతే. నెలకోసారి దర్శనమిస్తుంది, మొక్కులు సగమే తీరుస్తుంది, అందుకని కార్మికులు ఆ పేరు పెట్టుకున్నారు. అసలు పేరు అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ కూడా బుర్ర గోక్కుంటాడు.

ఇప్పుడు ఏడాది నిండింది. వచ్చింది నష్టమే. గ్యాసు కంపెనీవాళ్ళు బాకీ కోసం పీకల మీద కూర్చున్నారు, సరఫరా అప్పుడే తగ్గించేశారు, రేపటిలోగా కట్టకపోతే పూర్తిగా ఆపేస్తామన్నారు. బ్యాంకులో ఉన్న డబ్బు రెండిట్లో ఒక్కదానికే సరిపోతుంది. గ్యాసుకి కడితే మేస్త్రీలు వెళ్ళిపోతారు. మేస్త్రీలకిస్తే గ్యాసు ఆగిపోతుంది. ఎటు చూసినా కొలిమి చల్లారడమే. మిగిలిన దారి ఒక్కటే, బోనస్ వాయిదా వేసుకోవడానికి మేస్త్రీలు ఒప్పుకోవడం. జీతాలమ్మ చేతిలోని కాగితం అదే.

"మీ బావ సంతకం పెడితే మిగతా ఐదుగురూ పెడతారమ్మాయ్," అన్నారు అమ్మగారు. "సాయంత్రంలోగా తీసుకురా. నాకు మాట తప్పాలని లేదు. మా మామగారి రోజుల నుంచి ఇక్కడ ఎవరికీ పైసా ఎగ్గొట్టలేదు. కానీ నువ్వే చెప్పు, నన్నేం చేయమంటావు?"

నువ్వే చెప్పు అంటే జీతాలమ్మకి ఒళ్ళు మండింది. అందరూ ఆ మాటే. కారు అమ్మేసి బస్సులో వస్తున్న మనిషి మీద కోపం తెచ్చుకోవడానికీ మనసు రాలేదు. చివరికి కాగితం మడత పెట్టుకుని గుమ్మం దిగింది.

కొలిమి షెడ్డుకి వెళ్ళాలంటే ప్యాకింగ్ షెడ్డు మీంచే దారి. అక్కడ ఆడవాళ్ళు అట్టపెట్టెల్లో సీసాలు సర్దుతున్నారు. ఆవిణ్ణి చూడగానే చప్పుడు ఆగిపోయింది. సీసా మీద సీసా పెట్టే చప్పుడు లేకపోతే ఆ షెడ్డు ఆస్పత్రి వరండాలా ఉంటుంది. ప్యాకింగ్‌లో అందరికంటే పాత మనిషిని అందరూ పిన్ని అంటారు. ఆవిడ చేతులు దులుపుకుంటూ దారికి అడ్డం వచ్చింది.

"జీతాలమ్మా, ఒక్క మాట. కొలిమి వాళ్ళకి బోనస్ ఇచ్చేస్తారట కదా. వాళ్ళకిచ్చేస్తే మా జీతాలెక్కణ్ణుంచి తెస్తారు?"

"ఇస్తారని ఎవరన్నారు పిన్నీ?"

"ఇవ్వరా?" పిన్ని కళ్ళు పెద్దవి చేసింది. "అదేంటమ్మా! రాసిచ్చిన డబ్బు కూడా ఇవ్వకపోతే, రాసివ్వని మా గతేం కాను? ఇవాళ వాళ్ళ బోనస్ ఎగ్గొడితే రేపు మా జీతం ఎగ్గొట్టరని ఏం నమ్మకం? ఇవ్వాల్సిందే."

"అంటే ఇవ్వమంటావా?"

"ఇస్తే మాకు జీతం లేదు కదా!"

"పిన్నీ, ఇమ్మంటావా, వద్దంటావా? ఏదో ఒకటి చెప్పు."

"నన్నడుగుతావేంటి? చదువుకున్నదానివి నువ్వు. ఒప్పందం రాసిందీ నువ్వే. మాకూ ఓ ముక్క రాసి పెట్టి ఉంటే మేమూ అడిగేవాళ్ళం. రాయించుకోని వాళ్ళకి కడుపులుండవనుకున్నావు కాబోలు."

పక్కనున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. జీతాలమ్మ కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. పిన్ని మాటలకి తలా తోకా లేదని కొట్టిపారేద్దామనుకుంది. రెండడుగులు వేశాక తన బుర్రలోనూ సరిగ్గా అవే మాటలు అదే వరసలో తిరుగుతున్నాయని తెలిసింది. ఇవ్వాలి. ఇస్తే మునిగిపోతాం. ఇవ్వకపోతే మనం మనుషులం కాదు. ఇచ్చాక మనుషులుగా మిగిలేదెక్కడ, రోడ్డు మీద. ఆవిడకి తన మీద తనకే విసుగు పుట్టింది.

కొలిమి షెడ్డులో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం షిఫ్టు మారే వేళయింది. ఆ వేడి మొహానికి కొట్టగానే ఎప్పట్లాగే నాన్న గుర్తొచ్చాడు. నాన్న ఇక్కడే మేస్త్రీగా చేశాడు. బావ నాన్న దగ్గరే పని నేర్చుకున్నాడు. పని నేర్చుకుని ఊరుకున్నాడా, పెద్దకూతుర్ని కూడా పట్టుకుపోయాడని నాన్న వేళాకోళం చేసేవాడు. ఆ పెద్దకూతురు జీతాలమ్మకి అక్క. తల్లి పోయాక జీతాలమ్మకి జడలు వేసి, కాలేజీలో చేర్పించి, ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించింది ఆ అక్కే. అక్క ఇంటికి వచ్చే డబ్బుకి అడ్డం పడే కాగితం ఇవాళ చెల్లెలి చేతిలో ఉంది.

బావ ఇంకా రాలేదు. దిగిపోయే షిఫ్టు ఇద్దరిలో ఒకడు మొహం కడుక్కోవడానికి పోతే, గడ్డం మేస్త్రీ ఒక్కడే కొలిమి ముందు బల్ల మీద కూర్చుని, ఆవిడ చేతిలోని కాగితం వంకే చూస్తున్నాడు.

"అదేనా?" అన్నాడు.

"అదే."

"మీ బావ ఏం చేస్తే నేనూ అదే," అని గడ్డం గోక్కున్నాడు. "ఏం చేస్తాడంటావ్?"

"నాకేం తెలుసు అన్నయ్యా."

ఏదో ఒకటి చేస్తూ ఉండాలనిపించి, మేకుకి వేలాడుతున్న పొగరంగు అద్దం తీసుకుని జీతాలమ్మ కొలిమి కంతలోంచి లోపలికి చూసింది. చిన్నప్పుడు నాన్న చంకనెత్తుకుని ఇలాగే చూపించేవాడు. కొలిమి వాళ్ళకి మంట రంగులు మూడే. నిమ్మపండు రంగులో ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. నారింజకి దిగితే వేడి పడిపోతున్నట్టు, గాజు గడ్డకడుతుంది. పాలరంగుకి ఎక్కితే మరీ ప్రమాదం, గోడ ఇటుకలు కరిగి గాజు బయటికి కారుతుంది, కింద పనిచేసే వాళ్ళ మీదే పడుతుంది.

ఇప్పుడు లోపల ఉన్నది నారింజ రంగు.

జీతాలమ్మ అద్దం తీసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. నారింజే. గడ్డం మేస్త్రీ మాత్రం తాపీగా కూర్చున్నాడు. కాగితాల పనిలో పడి రంగులు మర్చిపోయాను కాబోలనుకుంది.

ఇంతలో బావ వచ్చాడు. చేతితొడుగులు వేసుకుంటూ, "ఏం మరదలా, జీతాల సెక్షన్ కొలిమికి నడిచొచ్చిందేంటి? ఈసారి జీతాలు వేడివేడిగా ఇస్తారా?" అన్నాడు. ఆవిడ కాగితం వెనక్కి పెట్టుకుంది.

షిఫ్టు అప్పగించడానికి అక్కడొక పద్ధతి ఉంది. నాన్న కాలానికి ముందు నుంచీ ఉన్నదే. దిగిపోయే మనిషి లోపలికి చూసి రంగు పేరు చెప్పాలి. ఎక్కే మనిషి తనూ చూసి అదే పేరు పలికి, అందుకున్నా అనాలి. రంగు రెండు నోళ్ళ మీద పలికితే గానీ పాత మనిషి కదలకూడదు. ఎవరైనా చూడకుండా పలికితే ఆ రెండో మనిషి పట్టేస్తాడు. అందుకే ఆ ఏర్పాటు.

గడ్డం మేస్త్రీ మనసంతా కాగితం మీదే ఉంది. లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, కొలిమి వైపు తల కూడా తిప్పకుండా, రోజూ అనే మాట నోటికొచ్చి అనేశాడు. "నిమ్మ."

బావ అద్దం తీసుకున్నాడు. కంత ముందు వంగాడు. కాసేపు చూశాడు.

"నిమ్మ. అందుకున్నా."

గడ్డం మేస్త్రీ వెళ్ళిపోయాడు. జీతాలమ్మకి ఏమీ అర్థం కాలేదు. చూడకుండా అన్నవాడి సంగతి సరే, చూసి అన్నవాడి మాటేంటి? నాన్న తర్వాత అంతటివాడని పేరు తెచ్చుకున్న మనిషికి నారింజకీ నిమ్మకీ తేడా తెలియదా? తనదే పొరపాటని నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం ఎంతోసేపు సాగలేదు. అవతల సీసాల మిషన్ దగ్గర్నుంచి కేక వినిపించింది.

"మేస్త్రీ! గాజు ముద్దలు ముద్దలుగా పడుతోంది! మెడలన్నీ వంకర!"

బావ గబుక్కున కంత వైపు తిరిగాడు. మళ్ళీ అద్దం పెట్టాడు, తీశాడు, తల పక్కకి వంచి ఇంకో కంటితో చూశాడు. తర్వాత మెల్లగా ఆవిడ నిలబడ్డ వైపు మొహం తిప్పి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"అమ్మాయ్, నేను వచ్చేసరికి అద్దం నీ చేతిలో ఉంది, నువ్వు చూసే ఉంటావు. ఏం రంగు?"

జీతాలమ్మ కూడా గొంతు తగ్గించింది.

"నారింజ బావగారూ."

ఆయన ఇంకేం అడగలేదు. "నూనె బర్నరు వెలిగించరా!" అని అరిచాడు. షిఫ్టులో ఆయనకి జోడీ అయిన మేస్త్రీ, బక్కాయన, అప్పుడే ఇసక తోపుడు బండితో లోపలికి వస్తున్నాడు. బండి అక్కడే వదిలేసి పరిగెత్తి, గ్యాసు చాలనప్పుడు కాసేపు ఆదుకునే ఆ బర్నరు వెలిగించి, కంతలోంచి చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి గొంతు పెద్దది చేసి, "నిమ్మకి వస్తోంది," అన్నాడు. "నిమ్మకి వస్తోంది," అన్నాడు బావ, అటు చూడకుండానే. ఆ ఇద్దరూ అలా అనుకోవడం ఇవాళ కొత్త కాదని ఆవిడకి తెలిసిపోయింది.

బావని పనిముట్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరకి వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"నాతో ఆటలొద్దు బావగారూ."

బావ తొడుగులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. దగ్గర్నుంచి చూస్తే కళ్ళల్లో పొర కట్టినట్టుంది. ఇన్నాళ్ళూ వారం వారం అక్క ఇంటికి వెళ్తూ ఆ కళ్ళ వైపు చూడనే లేదని ఆవిడకి సిగ్గేసింది.

"ఒప్పందం మీద సంతకం పెట్టిన కొద్ది నెలలకి మొదలైంది. ఈ మంటలోకి చూసీ చూసీ వస్తుందట. డాక్టరు వెంటనే కొలిమి మానేయమన్నాడు. ఒక కన్ను ఆపరేషన్‌తో దారికొస్తుంది, ఆలస్యం చేస్తే రెండోదానికి హామీ లేదన్నాడు."

"మరి మానేయలేదేం?"

"మానేస్తే ఏడాది పూర్తి కాదు కదా. బోనస్ ఎలా వస్తుంది?" జీతం తారీఖు అడిగినంత మామూలుగా అన్నాడు. "కొలిమి మానేశాక నేనేం పని చేయగలను చెప్పు? ఆ డబ్బుతో ఆపరేషన్ చేయించుకుని, మిగిలినదానితో మీ అక్క చేత టిఫిన్ కొట్టు పెట్టిద్దామనుకున్నాను. డబ్బు చేతికి రాగానే ఆ రోజే మానేద్దామని. బక్కాయనకి తెలుసు. వాడు పక్కనుంటే నాకు భయం లేదు. వాడు చూసి చెప్తాడు, నేను అంటాను. ఇవాళ వాడు ఇసకకి వెళ్ళడం, ఆ గడ్డంవాడు పరధ్యానంలో ఉండటం, రెండూ కలిసొచ్చాయి."

"అక్కకి?"

"చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

జీతాలమ్మ తెచ్చుకున్న మాటలు ఒక్కొక్కటీ బయట పెట్టింది. గ్యాసు బాకీ గురించి చెప్పింది. ప్యాకింగ్ ఆడవాళ్ళ జీతాల గురించి చెప్పింది. కంపెనీ నిలబడితేనే కదా ఎవరికైనా ఏదైనా వచ్చేది అంది. అన్నీ నిజాలే. అయినా తన గొంతు తనకే అబద్ధంలా వినిపించింది.

బావ అంతా విన్నాడు. ఆయనకి కోపం వస్తే బావుండుననుకుంది, రాలేదు.

"దానికి బోనస్ అని పేరు పెట్టింది ఎవరమ్మాయ్? ఆ పేరే కొంప ముంచింది. బోనస్ అంటే అందరూ మిగిలిన చిల్లర పంచుతున్నారనుకుంటారు. మిగల్లేదు కాబట్టి పంచం అంటే సబబుగానే ఉంటుంది. కానీ ఇది చిల్లర కాదు. ఆ పెద్ద కంపెనీవాడు రెట్టింపు జీతం ఇస్తానంటే వెళ్ళకుండా ఆగినందుకు, ఏడాది చివర్లో ఇస్తామన్న జీతం. నేను ఆగాను. నా వంతు నేను చేసేశాను. ఇప్పుడు వెనక్కి తీసుకోమంటే ఈ ఏడాదిని ఎలా తీసుకోను? ఈ కళ్ళని ఎలా తీసుకోను?"

"నాకు తెలుసు బావగారూ, కానీ..."

"ఆ రోజు మా వరండాలో కూర్చుని నువ్వే అన్నావు. 'లాభం వచ్చినా నష్టం వచ్చినా ఇస్తారు బావగారూ, నేనే రాయించాను, కళ్ళు మూసుకుని సంతకం పెట్టండి' అని."

అన్న మాట అన్నట్టుగానే ఉంది. ఆవిడ తల దించుకుంది.

"నిన్ను అనడం లేదు," అన్నాడు బావ. "ఆ రోజు నువ్వు మంచే చేశావు. అమ్మగారూ మంచిదే. ఇవ్వగలిగితే ఇచ్చే మనిషే. అందరూ మంచివాళ్ళయినప్పుడు ఇంక ఎవర్ని తిట్టుకోవాలో నాకూ తెలియడం లేదు." చెయ్యి చాపాడు. "సరే, తే. ఆ కొలిమి మీ నాన్న చేతుల మీద పెరిగింది. నా వల్ల చల్లారిందనే మాట నాకొద్దు. పెట్టేస్తాను."

జీతాలమ్మ కాగితం ఇచ్చింది. పెన్ను ఇచ్చింది. ఆయన కాగితాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరంగా పెట్టి చూశాడు, వెలుతురు కోసం తలుపు వైపు తిప్పాడు. చివరికి ఒళ్ళో పరుచుకుని, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు.

"గీత ఎక్కడుందో కాస్త వేలు పెట్టి చూపించు."

ఆవిడ చూపించలేదు. కాగితం ఆయన ఒళ్ళోంచి లాక్కుంది. ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయింది. ఆయన చేతుల్లోంచి పెన్ను కూడా తీసుకుని బయటికి నడిచింది. వెనక బావ, "అమ్మాయ్, కోపంగా వెళ్ళకు," అని పిలుస్తూనే ఉన్నాడు. కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియదు.

ఆఫీసు మెట్ల దగ్గర కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. సంతకం లేదని అమ్మగారితో చెప్పేయాలని మాత్రం తీర్మానించుకుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించే ఓపిక లేదు.

అమ్మగారు ఫోను పెట్టేసి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. జీతాలమ్మని చూసి కూర్చోమన్నారు.

"పెట్టలేదు కదూ?"

"లేదమ్మగారూ. పెడతానన్నారు. నేనే పెట్టించలేకపోయాను."

తిడతారనుకుంది. అమ్మగారు తిట్టలేదు. "పోనీలే. నాకూ చేతులు రాలేదు, అందుకే నిన్ను పంపాను. నా పిరికితనం నీ నెత్తిన రుద్దాను," అని, ముందున్న ఒప్పందం కాయితాలు ఇటు తిప్పారు. "ఇప్పుడే లాయరుగారు ఫోన్ చేశారు. ఇందులో ఎనిమిదో షరతు గుర్తుందా?"

గుర్తుంది. నష్టం వచ్చినా ఇస్తాం అన్న ముక్క కోసం లాయరుతో వాదించీ వాదించీ అలిసిపోయి, ఆ ఎనిమిదో షరతు జోలికి పోకుండా వదిలేసింది తనే. కొలిమి పనికి అడ్డొచ్చే అనారోగ్యం ఎవరికైనా వస్తే వెంటనే కంపెనీకి చెప్పాలి. దాచినట్టు తేలితే ఒప్పందం చెల్లదు. ఆరుగురిదీ ఒకటే ఒప్పందం కాబట్టి ఒకడు దాచినా ఆరుగురికీ చెల్లదు.

"ఆరుగురిలో ఎవరైనా ఏదైనా దాచి ఉంటే బోనస్ కట్టక్కర్లేదట. న్యాయంగా, చట్టప్రకారం. ఆ డబ్బు గ్యాసుకి కట్టేసుకోవచ్చట." అమ్మగారు ఆ మాటలు చేదుమందు మింగుతున్నట్టు చెప్పారు. "లాయర్లు ఇలాంటివే వెతుకుతారు. ఆ ఆరుగురి ఇళ్ళూ వాకిళ్ళూ నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. ఒక్క మాట అడుగుతాను, అవునో కాదో చెప్పు. మళ్ళీ అడగను. ఎవరికైనా ఏమైనా ఉందా?"

జీతాలమ్మ లెక్క వేసుకుంది. ఒక్క మాట చాలు. కొలిమి బతుకుతుంది, ప్యాకింగ్ పిన్నికి జీతం వస్తుంది, అమ్మగారి మాట పోదు. ఆ ఒక్క మాటతో అక్క ఇల్లు గుల్లవుతుంది, తప్పేమీ చేయని మిగతా ఐదుగురి ఏడాది కూడా గాలికి పోతుంది. పైగా అది అబద్ధం కాదు, నిజం. నిజం చెబితే అన్యాయం, అబద్ధం చెబితే ధర్మం అయ్యేలా ఎలా తయారైందో ఆవిడకి అంతు పట్టలేదు. లేదని చెబితే రేపు డబ్బు చేతికి వస్తుంది, రేపే బావ కొలిమి మానేస్తాడు. ఇవాళ ఒక్క షిఫ్టు. పక్కన బక్కాయన ఉండనే ఉన్నాడు.

"ఏమీ లేదమ్మగారూ," అంది. "అందరూ బాగానే ఉన్నారు."

అమ్మగారు ఒప్పందం కాయితాలు సొరుగులో పెట్టేశారు.

"నువ్వలా అంటే నాకంతే చాలు. రేపు పొద్దున్నే ఆరుగురికీ చెక్కులు రాసిస్తాను. మాటిచ్చాం, ఇవ్వాలి." ఫోనెత్తి షిఫ్టు ఆఫీసుకి కలిపారు. "ఆఁ, నేనే. ఇందాక అనుకున్నాం చూడండి, ఆ పని కానిచ్చేయండి. ఇప్పుడే."

"ఏ పనమ్మగారూ?"

"బోనస్ ఇవ్వాలంటే ఇంకెక్కడో ఒకచోట కోత పెట్టాలి కదమ్మా. గ్యాసువాడి కాళ్ళావేళ్ళా పడి వాయిదాలకి ఒప్పించాలంటే మొదటి వాయిదా డబ్బైనా చూపించాలి. అందుకని ఇకమీద కొలిమి దగ్గర షిఫ్టుకి ఒక్క మేస్త్రీయే ఉంటాడు. రెండో వాళ్ళని రేపటి నుంచి ప్యాకింగ్‌లో వేసి, అక్కడ బయటి నుంచి తెచ్చుకున్న ఆడవాళ్ళని మానిపించేస్తాను. పాపమే, కానీ ఏం చేయను? ఒక్కడి చేతికి కొలిమిని అప్పగించాలంటే మనుషులు నిక్షేపంలా ఉండాలి కదా, అందుకే నిన్ను అంత గుచ్చి అడిగాను." ఆవిడ ఇవాళ మొదటిసారి నవ్వారు. "మీ బావ షిఫ్టుతోనే మొదలుపెట్టించాను. అందరికంటే అతని కళ్ళ మీదే నాకు నమ్మకం."

జీతాలమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలియదు. కిటికీలోంచి కింద గేటు కనిపిస్తోంది. బక్కాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చి, ఒకసారి కొలిమి షెడ్డు వైపు తిరిగి చూశాడు. వాచ్‌మన్ ఏదో అడిగాడు. బక్కాయన చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు, మళ్ళీ వెనక్కి చూశాడు. వాచ్‌మన్ గేటు తీశాడు.

కొలిమి దగ్గర ఇప్పుడు బావ ఒక్కడే ఉన్నాడు.